అలివి వల దగ్గర దొరికిన శ్రుతి

టెక్కలి పెళ్లిలో నా పరువు పోయింది. ఊరేగింపు మంచి ఊపులో ఉండగా డీజే బండి మీద లాప్‌టాప్‌లో ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లబోయాను. రెండిటిదీ ఒకే వేగం, నిమిషానికి నూట ఇరవై ఎనిమిది దెబ్బలు. దెబ్బ మీద దెబ్బ కచ్చితంగా కూర్చుంది. అయినా రెండు పాటలూ కలిసిన ఆ పది సెకన్లూ స్పీకర్లలో ఎవరో తగువు పడుతున్నట్టే వినిపించింది. పెళ్లికొడుకు బావమరుదులు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆపి నా వైపు చూశారు. పలాస నుంచి వచ్చిన మా సౌండు సెట్టు ఓనరు పక్కనే ఉన్నాడు.

"వచ్చే పెళ్లిలో కూడా ఇలగే సేసినావంటే లాప్‌టాపు ముట్టనివ్వను. మళ్లీ బాక్సులు మోసుకోడమే" అన్నాడు.

రెండేళ్లు స్పీకర్ బాక్సులు మోసి సంపాదించుకున్న చోటది. వచ్చే పెళ్లి మా ఊళ్లోనే. ఈసారి పరువు పోతే మా వాళ్లందరి ముందే పోవాలన్నమాట.

లాప్‌టాప్‌లో పాట పేరు పక్కన వేగంతో పాటు 'కీ' అని ఇంకో గడి ఉంటుంది. ఆ పాట ఏ శ్రుతిలో ఉందో చెబుతుంది. అది సంగీతం మాస్టర్ల వ్యవహారంలే అని ఏనాడూ పట్టించుకోలేదు. గంతులేసేవాడికి శ్రుతితో ఏం పని అనుకునేవాణ్ణి. నా తెలివి అంతవరకే.

పెళ్లిరోజు పొద్దున ఇంట్లో కుదురుగా ఉండలేక సముద్రం ఒడ్డుకు వెళ్లాను. మా మేనమామ అలివి వల లాగిస్తున్నాడు. పడవ ఆ వలను సముద్రంలో పెద్ద వంపు తిప్పి వదిలి వస్తే, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీద రెండు జట్లు లాగుతాయి. మొదట దూరదూరంగా నిలబడతారు. లాగుతూ లాగుతూ ఒకరివైపు ఒకరు జరుగుతారు. ఒక పక్క ముందుపడితే వల వంకర తిరిగి చేప జారిపోతుంది. ఇటు జట్టుకి మామ పాట, అటు జట్టుకి ఒక ముసలాయన పాట. నేను మామ వెనక తాడు పట్టాను.

చిన్నప్పటి నుంచీ చెవిన పడుతున్నదే, కానీ నిజంగా విన్నది ఆ పొద్దున్నే. దూరంగా ఉన్నంతసేపూ ఎవరి పాట వాళ్లదే. దగ్గరవుతున్నకొద్దీ మామ జోరు తగ్గించాడు. అంతటితో ఆగలేదు. ఎప్పుడూ ఎత్తుగా పాడే మనిషి గొంతు మెల్లగా దించి, ముసలాయన గొంతు ఉన్నచోటికి తెచ్చి పెట్టాడు. ఏ మాట దగ్గర దిగాడో నాకు తెలియనే లేదు. ఒడ్డంతా ఒకే పాట అయింది. చేతుల్లో తాడు తేలికైపోయింది.

వల ఒడ్డెక్కాక అడిగాను. "మావా, గొంతెందుకు దించీసినావు?"

"మరేటి సెయ్యమంతావు? ఆ ముసిలోడి గొంతు పైకి రాదు. నాను పైనుంచి అరిత్తే ఆల్ల జట్టు ఎవడి పాటకి లాగాల? ఊపొకటి కలిత్తే సాల్దు అల్లుడా, గొంతూ కలవాల" అని, బుట్టలు తెమ్మని ఎవర్నో కేకేశాడు.

పాటలు కలపడం నేర్పే వీడియోలు నెలల తరబడి చూసి నేను పట్టుకోలేనిది ఆయన తడి ఇసకలో నిలబడి చెప్పేశాడు. సిగ్గుపడ్డాను. సిగ్గుకంటే ఆశ్చర్యమే ఎక్కువ.

ఇంటికొచ్చి పాటలన్నిటినీ కీ చూసి మళ్లీ పేర్చాను. టెక్కలిలో తగువుపడ్డ రెండూ ఎంత పొత్తు కుదరని శ్రుతులో అప్పుడు కనిపించింది.

సాయంత్రం ఊరేగింపులో మొదటి మార్పు వచ్చింది. పాత పాటకి శ్రుతి కుదిరే పాటనే తీసుకుని, వేగం సరిచేసి, కొంచెం కొంచెంగా పైకి వదిలాను. అది ఎప్పుడు పూర్తిగా వచ్చేసిందో, పాతది ఎప్పుడు వెళ్లిపోయిందో ఎదురుగా ఆడుతున్న ఒక్కరికీ తెలియలేదు. ఎవరూ ఆగలేదు. ఎవరూ నా వైపు చూడలేదు. అంత గొప్ప సంగతి నా చేతుల మీదుగా జరిగిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

పాట సగానికి వచ్చాక, పక్కన ఫోను చూసుకుంటున్న ఓనరు తలెత్తాడు.

"ఇదెప్పుడెట్టీసినావురా?"

"ఇందాకే" అన్నాను.

కాసేపు నిలబడి విన్నాడు. లాప్‌టాప్‌ను నాకు వదిలేసి బండి దిగి భోజనానికి వెళ్లిపోయాడు.