మా బావ వాయించని కింది స్వరం

మా బావ గిటార్ గొప్పగా వాయిస్తాడని చెబితే ఢిల్లీలో మా తెలుగువాళ్ళు మర్యాదకి తలూపి, "సినిమా పాటలేనా?" అని అడుగుతారు. కాదు, జాజ్ అంటే ఆ మర్యాద కూడా ఉండదు. నాకు ఒళ్ళు మండుతుంది. గుంటూరు చర్చిలో నేర్చుకున్న గిటార్‌ని, ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసుకుంటూ, రిటైరయ్యేలోగా ఆయన ఎంత దూరం తీసుకెళ్ళాడో వీళ్ళలో ఒక్కరైనా చెవిపెట్టి వినలేదు.

ఆయన వాయించేదాంట్లో మెరుపులుండవు. గోరు తగలనివ్వడు, ప్లాస్టిక్ ముక్క వాడడు. బొటనవేలి కండతో తీగని నొక్కి వదులుతాడు. ఆ నాదం పక్కన కూర్చుని తగ్గు గొంతుతో మాట్లాడే మనిషిలా ఉంటుంది. కార్డ్ అనగానే, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించాలనగానే, అందరూ ఆరు తీగలూ బరబరా గీకేస్తారు. ఈయన మధ్యలో రెండు, మహా అయితే మూడు తీగలు ముట్టుకుంటాడు. తరవాత ఒకే ఒక్క వేలు పక్క గడికి జరుగుతుంది. అప్పటిదాకా హాయిగా నడిచిన పాటలో దిగులు మొదలవుతుంది. సంతోషమో దుఃఖమో తేల్చే స్వరాన్ని కావాలనే ఆలస్యం చేస్తాడు.

అన్నిటికంటే కిందుండే స్వరాన్ని, అంటే కార్డ్‌కి పునాదిని, ఆయన అసలు వాయించడు. అది బేస్ గిటార్ వాయించే స్నేహితుడిది. షిల్లాంగ్ నుంచి వచ్చిన ఆ మనిషీ, మా బావా శనివారం సాయంత్రాలు దక్షిణ ఢిల్లీలో ఒక రెస్టారెంట్‌లో కలిసి వాయించేవాళ్ళు. ముందు అతను కింది స్వరం వేసేవాడు. బావ రెప్పపాటు ఆగి పైనుంచి అందుకునేవాడు.

"వాడి చోట్లో నేను కాళ్ళు చాపుకోవడం దేనికిరా?" అనేవాడు.

తింటున్నవాళ్ళెవరూ ప్లేట్లోంచి తలెత్తేవాళ్ళు కాదు. నేను మాత్రం సరోజినీ నగర్ క్వార్టర్ నుంచి బస్సెక్కి, ఆయన ఆగే ఆ రెప్పపాటు కోసమే వెళ్ళేవాణ్ణి.

పోయిన చలికాలం, మంచో పొగో తెలియని ఆ గాలికి స్నేహితుడి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆసుపత్రికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. తరవాతి శనివారం బావ ఒక్కడే వెళ్ళి వాయించాడు, ఎప్పటిలాగే కింది స్వరం వదిలేసి, ఎప్పటిలాగే రెప్పపాటు ఆగి. కింద ఆధారం లేక పాట గాల్లో వేలాడింది. అంత అందమైన వాయింపు నేనెప్పుడూ వినలేదు. భయం కూడా వేసింది.

కొన్ని వారాలు చూసి మేనేజర్ వచ్చాడు. "అంకుల్, ఖాళీ ఖాళీ లగ్ రహా హై. థోడా భర్ కే బజాయియే."

నిండుగా వాయించకపోతే ఇక రానక్కర్లేదని దానర్థం. బావకి వాయించుకోవడానికి మిగిలిన చోటు అదొక్కటే.

ఆయన భార్య, అంటే మా అక్క, వంటింట్లో నా ముందే అడిగేసింది. "పోనీ ఆ కింది తీగ కూడా వాయించెయ్యకూడదా అండీ? అదీ మానేసి ఇంట్లో కూర్చుంటే మీరు మనిషి కారు."

అక్క అన్నదాంట్లో తప్పేం లేదు. బావ టీ గ్లాసు కడిగి బోర్లించాడు.

ఆ శనివారం అక్క కూడా వచ్చింది. బావ ఆరు తీగలూ వాయించాడు. కింది స్వరం తనే వేసి, పైవి తనే అందుకుని, ఎక్కడా ఆగలేదు. వెతికినా ఒక్క తప్పు లేదు. ఒక టేబుల్ వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఇన్నేళ్ళలో మొదటిసారి. మేనేజర్ దూరం నుంచే "బహుత్ బఢియా!" అన్నాడు. లేచి వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. పట్టుకుని ఏమనాలి? బాగానే ఉంది మరి.

ఆ రాత్రికి నేనూ వాళ్ళింటికే బయల్దేరాను; ముగ్గురం ఫరీదాబాద్ మెట్రో ఎక్కాం. "ఇవాళ ఎంత బాగా వినిపించిందో!" అంది అక్క. బావ తలూపాడు. కాసేపటికి నా వైపు వంగి, ఆమెకి వినపడకుండా అన్నాడు.

"నేనాగినప్పుడల్లా వాడు కింది స్వరం వేసేవాడురా. పోయాక కూడా. ఇవాళ ఆగలేదు. వాడు నిజంగానే పోయాడు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఏంటి, మీలో మీరే?" అంది అక్క.

"ఏం లేదు," అన్నాడు బావ. "వచ్చే శనివారం ఏం వాయించాలా అని."