ఈ ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరండీ

ఆ సినిమా తీసినవాడెవడో నా చేతికి చిక్కితే చెవి మెలిపెట్టి అడుగుదును, "చిన్నపిల్లలు చూస్తారన్న ఇంగితం లేదుటయ్యా నీకు?" అని. అతనికది వేళాకోళం. మా ఇంట్లో అది ప్రాణం మీదికొచ్చింది.

తొంభైల మధ్యలో మాట. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న నర్సీపట్నంలో బడిపంతులు. అమ్మ ఎస్. రాయవరం అవతల సముద్రం ఒడ్డు ఊళ్ళో, వేటకెళ్ళే వాళ్ళింట్లో పుట్టింది. చిన్నప్పుడెప్పుడో కీళ్ళ జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆవిడ గుండెలో వాల్వు పాడుచేసి పోయిందట. విశాఖపట్నంలో ఆపరేషను చెయ్యాలి. మంచం ఖాళీ కాగానే కబురు పంపుతాం, వెంటనే వచ్చి చేరిపోవాలి అన్నారు ఆస్పత్రివాళ్ళు. మాకు ఫోను లేదు. అక్కడ పనిచేసే ఒకాయన సెలవుకి ఊరొచ్చేటప్పుడు మా ఇంట్లో కబురు చెప్తానని నాన్నకి మాటిచ్చాడు.

ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు. అప్పట్లో నాకు తెలిసింది ఒకటే. అమ్మ నాలుగు మెట్లెక్కితే ఆయాసంతో కూలబడుతుంది, నేను గదిలోకొస్తే పెద్దవాళ్ళు మాటలాపేస్తారు.

అమ్మకి సినిమాల పిచ్చి. ఆయాసం ఆయాసమే, సినిమా సినిమాయే. ఓ మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని మ్యాట్నీకి తీసుకెళ్ళింది. యముడు, చిత్రగుప్తుడు, బోలెడు నవ్వులాట అన్నారు. తీరా చూస్తే ఆ సినిమాలో యమభటుడికి కిరీటమూ లేదు, గదా లేదు. సఫారీ సూటు, చంకలో ఫైలు. జబ్బుపడ్డవాళ్ళ ఇంటి ముందు నిలబడి, ఫైల్లో చూసి, ఇంటిపేరుతో సహా పేరు చదువుతాడు. "ఈవిడ ఇల్లు ఇదేనా?" అంటాడు. అవునన్నారో, అంతే సంగతులు.

హాలంతా ఈలలూ నవ్వులూ. నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. పక్కకి చూస్తే అమ్మ కూడా నవ్వట్లేదు. నా మణికట్టు పట్టుకుని ఉంది, ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. తెరమీద కేన్సరుతో పడుకున్న తల్లి, గుమ్మంలో ఆవిడ కూతురు. ఆ పిల్ల కళ్ళార్పకుండా, "ఈ ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరండీ, ఖాళీ చేసి వెళ్ళిపోయారు" అని అబద్ధమాడింది. వాడు తల గోక్కుని, ఫైల్లో పేరు కొట్టేసి వెళ్ళిపోయాడు. ఆ తల్లి బతికింది. శుభం.

నమ్మడానికి నాకేం కష్టం కాలేదు. అంతకు కొన్నేళ్ళ ముందే దెయ్యమొకటి వాకిట్లోకొచ్చి పేరుపెట్టి పిలుస్తోందని పుకారు పుట్టి, మా వీధివీధంతా తలుపుల మీద 'రేపు రా' అని సుద్దముక్కతో రాసుకుంది. దెయ్యం అది చదువుకుని వెనక్కి పోతుందట! చదువుకున్న మా నాన్న నవ్వుతూనే ఉన్నాడు, అమ్మ మాత్రం స్టూలెక్కి రాసేసింది. చావుని గుమ్మంలోనే మాటలతో తిప్పి పంపెయ్యొచ్చని మా ఊరు ఊరంతా నాకు నేర్పింది, సినిమాని ఒక్కదాన్నే అనడమెందుకు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. నాన్న ఇంకా రాలేదు. అమ్మ కర్టెను అవతల గదిలో పడుకుని ఉంది. నేను ముందు గదిలో కూర్చుని చద్దన్నం తింటున్నాను. గుమ్మంలో నీడ పడింది.

సఫారీ సూటు. చంకలో ఫైలు.

ఆయన జేబులోంచి చీటీ తీసి, ఇంటిపేరుతో సహా అమ్మ పేరు చదివాడు. ఆ పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు, అందరికీ ఆవిడ మాస్టారి భార్యే. "ఈరిల్లు ఇదేనా, పాపా?" అన్నాడు.

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఎలా లేచి నిలబడ్డానో తెలీదు.

"అలాంటోళ్ళెవరూ లేరండీ. ఇల్లు కాళీ చేసి ఎల్లిపోనారు."

"అయ్యో, ఎప్పుడూ?"

"సాలా రోజులైందండీ."

ఆయన చీటీని మడిచి, "కాసిన్ని మంచినీళ్ళియ్యమ్మా" అన్నాడు. నేను ధడాలున తలుపేసి గడియపెట్టాను. ఎండనపడి వచ్చిన మనిషికి చుక్క నీళ్ళివ్వలేదు.

కర్టెను తీసి చూశాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎవరొచ్చారే అని కూడా అడగలేదు.

రెండు వారాలకి నాన్న విశాఖపట్నం వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. "కబురు పంపించేరంట! ఇల్లు కాళీ చేసేమని సెప్పేరంట! ఆ మంచం ఇంకోళ్ళకి ఇచ్చీసేరు. ఎవడే ఆ మాట సెప్పినోడు?" అని రంకెలేశాడు.

అప్పుడర్థమైంది నాకు, నేను తిప్పి పంపింది ఎవరినో. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. నోరు తెరవబోయాను. అమ్మే అడ్డుపడింది. "పక్క ఈదిలో అడిగుంటాడండీ. ఊరుకోండి, ఆ అరుపులేటి?"

తరవాతి నాలుగు నెలలూ నేనెలా బతికానో నాకే తెలియదు. అమ్మకి పడుకుంటే ఊపిరాడేది కాదు. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చునేది. పాదాలు వాచిపోయాయి. బడినుంచి వస్తూ మా వీధి మలుపు దగ్గర ఆగిపోయేదాన్ని, మా ఇంటిముందు జనం ఉన్నారేమోనని. లేరని చూసుకున్నాకే అడుగు పడేది. అమ్మని చంపింది నేనే అవుతానని, ఆ మాట ఎవరికీ చెప్పలేక, అన్నం సయించక సగమైపోయాను. కబురు మళ్ళీ వచ్చింది. ఈసారి నాన్న తలుపు తీశాడు. అమ్మకి వాల్వు మార్చారు. బతికింది.

నేను మాత్రం చెప్పలేదు. ఏళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగం వచ్చింది, ఇంటికి ఫోనొచ్చింది. రెండువేల ఎనిమిదిలో అమ్మకి మళ్ళీ ఆయాసం మొదలైంది. వేసిన వాల్వు అరిగిపోయింది, ఇంకోసారి కొయ్యాలి, ఫోను చేస్తాం అన్నారు. మళ్ళీ అదే ఎదురుచూపు. ఆ వారంలోనే ఓ ఆదివారం టీవీలో ఆ దిక్కుమాలిన సినిమా వచ్చింది.

కట్టేద్దామని లేచాను. "ఉండనీయే" అంది అమ్మ. గుమ్మం సీను వచ్చింది. ఇక ఆగలేకపోయాను. ఏడుస్తూ చెప్పేశాను, ఆయన్ని తిప్పి పంపింది నేనేనని.

అమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు.

"తెల్సే. కర్టెనెనకాల అంతా ఇన్నాను."

"మరి పిలవలేదేం?"

"ఆ గొంతు ఆస్పత్రాయనదని కూడా తెల్సు. పలకనేదు. కత్తంటే బయమేసిందే నాకు. నువ్వు లేనని సెప్తే, హమ్మయ్య అనుకుని కళ్ళు మూసుకున్నాను. పసిదానివి, నీ మీద పెట్టీసేను. అదే నా తప్పు" అంది.

ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నన్ను కాల్చుకు తిందే! అరుద్దామనుకున్నాను. కానీ ఆవిడ చెయ్యి మళ్ళీ నా మణికట్టు మీద ఉంది, అదే చెమట.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. "లేనని సెప్పీయే" అంది అమ్మ నవ్వబోతూ. రిసీవరు ఎత్తాను. అవతలి గొంతు ఇంటిపేరుతో సహా అమ్మ పేరు చదివి, ఉన్నారా అని అడిగింది.

"ఉన్నారండీ" అన్నాను. "ఇక్కడే ఉన్నారు."

"రేపు వచ్చి చేరగలరా?"

"ఇవాళే బయల్దేరతామండీ."

ఫోను పెట్టి చూసేసరికి అమ్మ అప్పుడే సంచీలో చీరలు కుక్కుతోంది. "బేగి పదవే" అంది నా వైపు చూడకుండా. "కూకుంటే మళ్ళీ బయమేసేస్తాది."