బీరువాలో ఉండిపోయిన సర్టిఫికెట్లు

లెక్కల సారు పోయిన సంగతి నాకు విలేకరుల వాట్సాప్ గ్రూపులో ఒక్క లైనుగా వచ్చింది: నర్సింహులపేట దగ్గరి తండాలో ప్రైవేటు టీచర్ మృతి. ఫొటో తెరిచి చూస్తే మా పై వాటాలో ఆరేళ్లుగా అద్దెకుంటున్న సారు. పక్కన, సంచిలోంచి జారిన అడ్మిషన్ల కరపత్రాలు.

మహబూబాబాద్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో ఆయన పదో తరగతికి లెక్కలు చెప్పేవారు. బడి వదిలే ముందు బోర్డు మూలన మర్నాటి లెక్క ఒకటి రాసి వచ్చేవారు. "ఇంటికి పోయినంక గూడ గది వాళ్ల నెత్తిల తిరగాలె అన్నా" అనేవారు. ఆయన క్లాసులోనే చదివే మా అమ్మాయి అన్నం తింటూ కంచంలో వేలితో గీతలు గీసేది ఆ లెక్కల వల్లే.

మార్చిలో చైనాలోని ఒక హైస్కూలు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి ఆయనకు ఉద్యోగమిస్తామంది. ఇంగ్లిష్‌లో లెక్కలు చెప్పాలి. వెళ్లాలా వద్దా అని నెల రోజులు ఆలోచించారు. తెలియని భాష, తెలియని తిండి ఒక పక్క. రోజుకు మూడే పీరియడ్లు మరో పక్క. ఇక్కడ ఏడు.

"అక్కడ ఒక క్లాసు చెప్పినంక ఇంకో క్లాసుకు తయారుగానీకి టైమిస్తరట. నాకు గదొక్కటి చాలు. మా అమ్మయితే, చైనోళ్లకు లెక్కలు రావా, నువ్వెందుకురా అని నవ్వింది" అన్నారొక రోజు.

చివరికి వెళ్లాలనే నిర్ణయించుకున్నారు. మే నెలాఖరులోగా డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ చూపించి వీసా పని మొదలుపెట్టాలి. అవి స్కూలు బీరువాలో ఉన్నాయి. మా దగ్గర చాలా ప్రైవేటు స్కూళ్లలో టీచర్ చేరిన రోజే ఒరిజినల్స్ తీసి పెట్టుకుంటారు. రసీదు ఇవ్వరు. కొత్తగా పదిహేను అడ్మిషన్లు తెచ్చి, అవి తీసుకుపొమ్మన్నాడు స్కూలు నడిపే కరస్పాండెంట్. అంటే మే ఎండలో ఇల్లిల్లూ తిరగాలి.

నేను వార్త రాస్తానన్నాను. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇమ్మన్నాను.

"ఇస్త అన్నా. ముందుగాల కాగితాలు చేతికి రానీ" అన్నారు.

ఆధారం లేనిదే రాయకపోవడం ఇరవై ఏళ్లుగా నా పద్ధతి. రసీదే లేని వ్యవహారానికి ఆధారం అడిగాను. ఇది రాస్తున్నప్పటి నా కోపంలో కొంత నా మీద నాకున్నదే.

తొమ్మిది అడ్మిషన్లు తెచ్చారు. పదో అడ్మిషన్ కోసం వెళ్లిన ఇంటి గడప ముందు, మధ్యాహ్నం రెండింటికి పడిపోయారు. గుండె ఆగిందని దవాఖాన కాగితంలో ఉంది. ఆయన్ను ఎండలోకి పంపిందెవరో రాయడానికి అందులో గడి లేదు.

మూడో రోజు నేను సారు సొంత తండాలో ఉండగా కరస్పాండెంట్ వచ్చాడు. ఫొటోకు దండ వేసి, సర్టిఫికెట్ల ఫైలు సారు తల్లి చేతిలో పెట్టాడు. మిగతా ఆరు అడ్మిషన్ల మాట ఎత్తలేదు. సారు మా ఇంటి మనిషే అన్నాడు.

"ఇంటి మనిషి కాగితాలకు తాళమెందుకేసినవ్ బిడ్డా?" అని అడిగింది తల్లి.

అతను ఫోన్ చూసుకుంటూ కారెక్కాడు.

బీరువాలో చెమ్మ పట్టి కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. తల్లి ఒక్కొక్కటే విడదీసి వాకిట్లో నులక మంచం మీద పరిచింది. ఏది ఏమిటో నన్ను చదివి చెప్పమంది. పదో తరగతి మెమో, ఇంటర్, డిగ్రీ, బీఈడీ. నేను చదువుతుండగానే ఎండ మంచం మీదికి వచ్చింది. ఆమె లేచి, మంచాన్ని నీడలోకి లాగింది.