బందెలదొడ్డి తాళం

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం పొద్దు గూకినా మా ఎనుము ఇంటికి రాలేదు. మీరు గేదె అంటారేమో, మేము ఎనుము అంటాం. దాని దూడ, మా దుడ్డె, గుంజ చుట్టూ తిరిగి అరుస్తోంది. మా అవ్వ చేతిలో పాలచెంబు ఖాళీగా ఉంది...

కర్నూలుకు పడమట, మెట్ట పల్లె మాది. వాన పడితే కొర్ర, చెనిక్కాయ. పడకపోతే ఆ ఎనుము పాలే దిక్కు.

వంక పక్క బీడులో అందరూ మేపుకోవచ్చని మా ఊరి పెద్దాయన ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఆ పొద్దున ఆయనే మాట మార్చాడు. ఇకమీదట అక్కడ ఎవరి పశువూ కనబడకూడదన్నాడు. మేము చేనులో ఉన్నాం, మాకు ఆ సంగతే తెలియదు. మధ్యాహ్నానికి ఆయన మనుషులు ఎనుమును తోలుకుపోయి బందెలదొడ్డిలో వేశారు.

ఇప్పటి పిల్లలకు బందెలదొడ్డి తెలియదు... పరాయి చేలో మేసిన పశువులను పట్టి మూసే రాళ్ల దొడ్డి అది. మా ఊళ్లో పెద్దాయన ఇంటి పక్కనే ఉండేది. దాని తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడేది.

అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆయన అరుగు ముందుకు పోయింది.

“మా ఎనుము మేసింది ఎవరు చూసినారు సామీ?”

“నేనే చూసినా.”

“తప్పని ఎవరన్నారు?”

“నేనే అంటాండా.”

“ఇది న్యాయం కాదు సామీ. మేము యాడ చెప్పుకోవల్ల?”

ఆయన నవ్వాడు. “నాకే చెప్పుకో. ఇంటాండా గదా.”

మా అవ్వ నోరున్న మనిషి. ఆమెతో మాటల్లో గెలిచినవాళ్లు ఊళ్లో లేరు. ఆ సాయంత్రం మాత్రం నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది...

తప్పు కింద మా ఇంటిల్లిపాదీ ఆయన చేలో చెనిక్కాయ పెరికి ముగించిందాకా దొడ్డి తలుపు తీయలేదు. తీసేసరికి ఎనుము వట్టిపోయింది.

ఊళ్లో ఎవరు పెద్దో వాళ్లదే చట్టం, వాళ్లదే తీర్పు, వాళ్లదే దెబ్బ. నాకు తెలిసిన లోకం అదే. తల నెరిసినా అదే నమ్మకం.

ఈ మధ్య ఆ పెత్తనమే నా ఇంటి మీదికి వచ్చింది. పట్టా ఇచ్చిన స్థలంలో నేనూ నా మొగుడూ రాయి మోసి కట్టుకున్న ఇల్లు. ఆయన పోయాక నాకు మిగిలింది అదొక్కటే. రోడ్డు పక్కన ఉంది కాబట్టి దాన్ని తీసి అంగళ్లు కట్టాలని పంచాయతీలో తీర్మానం చేశారు. ఆఫీసర్లు వచ్చి టేపు పెట్టి కొలిచారు.

సర్పంచు నా కళ్ల ముందర పెరిగినవాడే. “తీర్మానం అయిపోయినాది అవ్వా. సామాన్లు సర్దుకో,” అన్నాడు.

“ముందు నా పాడె కట్టప్పా. ఆమైన గోడ పగలగొట్టుదువు,” అన్నాను.

నా మనవరాలు డిగ్రీ చదువుతోంది. వకీలును పట్టి కోర్టులో కేసు వేయించింది. నాకు ఆ కాగితం మీద నమ్మకం కుదరలేదు. పెద్ద మనిషి నోటి మాట పడితేనే పని అవుతుందని, చేలో టమేటాలు గంపకెత్తుకుని ఎమ్మెల్యే ఇంటికి పోయాను.

“నా కేసు చూసే జడ్జమ్మకు ఒక మాట చెప్పప్పా. నువ్వు చెప్తే ఇంటాది.”

“లేదవ్వా. చట్టాలు చేసే కాడ నేను కూచుంటా. తీర్పు చెప్పే కాడికి నా మాట పోదు. పోకూడదు గూడా.”

“మరి నీకు ఓటేసి ఏం లాభమప్పా?”

ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. టమేటాల గంప మళ్లీ నెత్తికెత్తుకుని వచ్చేశాను. దారి పొడుగునా తిట్టాను. సర్పంచు ఆయన మనిషే గదా, అందుకే తప్పించుకున్నాడు అనుకున్నాను... ఇల్లు పోయినట్టే అనుకున్నాను.

వాయిదా రోజు కోర్టులో జడ్జమ్మ నా మనవరాలి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. ఈమె ఇంతమందిని ఏం ఆపుతుందిలే అనిపించింది. ఆమె ఆఫీసర్లను ఒకటే అడిగింది, ఏ చట్టం చూసుకుని ఈ ఇల్లు తీస్తున్నారని. పంచాయతీ తీర్మానం అన్నారు వాళ్లు. తీర్మానం పంచాయతీ పని, అమలు మీ పని, అది చట్టానికి లోబడి ఉందా లేదా చూడడం ఇక్కడి పని అంది. అది తేలేదాకా ఇంటి మీద ఎవరూ చెయ్యి వేయకూడదంది.

వరండాలోకి వచ్చాక సర్పంచు ఎమ్మెల్యేకు ఫోను కలిపాడు. “అన్నా, నువ్వు లోపలికి ఒక్క మాట చెప్తే...” అంటున్నాడు. అవతల ఏమన్నారో నాకు వినబడలేదు. వాడి ముఖం మాత్రం వాడిపోయింది. గంప ఎత్తుకుని తిరిగొచ్చిన రోజు నా ముఖమూ అంతే...

అప్పుడు అర్థమైంది. నేను తిట్టుకుంటూ వచ్చానే, ఆ కట్టుబాటే నన్ను కాపాడింది. నాకోసం మాట చెప్పలేనివాడు వాడికోసమూ చెప్పలేడు. కోర్టు మెట్ల మీద కూలబడి, పిచ్చిదాని మాదిరి నవ్వాను. గుండెల మీద నుంచి తిరగలి దించినట్టు...

రాజ్యాంగంలో అట్లే రాసినారని మనవరాలు చెప్పింది. చట్టం చేసేవాళ్లు ఒకరు, నడిపేవాళ్లు ఒకరు, తప్పొప్పులు తేల్చేవాళ్లు ఒకరు. అన్నీ ఒకడి చేతికి ఇవ్వలేదంట. రాసినవాళ్లు మా ఊరి పెద్దాయనను చూసే రాసి ఉంటారు.

అంతటా ఇట్లే జరుగుతుందని నేను అనను. తిరిగి తిరిగి నా కాళ్లు వాచినాయి. చివరికి ఆ తీర్మానం చెల్లదన్నారు.

మా అవ్వకు పోవడానికి ఇంకో గడప లేకపోయింది... మీ అవ్వలు, జేజిలు అన్యాయం జరిగితే ఎవరి అరుగు ముందు నిలబడ్డారో అడిగి తెలుసుకుని నాకు రాయండి. నాకు అక్షరం రాదు. మనవరాలు చదువుతుంది. నేను నా ఇంట్లోనే కూర్చుని వింటాను...