చుక్కలాయన బండిలో నిద్ర

మా బావని వీధిలో అందరూ చుక్కలాయన అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని మా అక్క వైపు జాలిగా చూసేవారు, మొగుడు రోజూ చుక్క వేసుకుని ఇంటికొస్తాడేమోనని. నిజానికి ఆయన సీసా మూత వాసన కూడా ఎరగడు. ఆయన చుక్కలన్నీ డీజిలు చుక్కలు.

బేకరీ నుంచి దుకాణాలకు బ్రెడ్డు చేరవేయడం ఆయన పని. అందుకోసం పాత డీజిలు స్టేషన్ వ్యాగన్ ఒకటి కొన్నాడు. వెనక సీటు దాటాక కూడా చిన్న గదంత చోటున్న పొడుగాటి కారు. బ్రెడ్డు ట్రేలు అందులో ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. అది ఇంటికొచ్చిన రోజు నుంచి ఒక్క చుక్క డీజిలు కూడా వృథా కాకూడదని ఆయనకో పిచ్చి పట్టుకుంది. తెల్లారగానే, టైర్లు వేడెక్కకముందే గాలి చూసేవాడు. పైన సామాను కట్టే కడ్డీలు ఊరికే గాలికి అడ్డుపడుతున్నాయని ఊడదీసి అటకెక్కించాడు. బండిని ఎప్పుడూ వీధి వైపు ముఖం పెట్టి ఆపేవాడు, పొద్దున్నే చల్లటి ఇంజనుతో ముందుకీ వెనక్కీ తిప్పుకునే పని లేకుండా. ఎక్కడో దూరాన ఎర్రదీపం కనబడితే ఇక్కడే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసేవాడు. మేం దగ్గరికి చేరేసరికి అది పచ్చబడేది. బ్రేకు వేయాల్సి వచ్చిందంటే ఆ పూటంతా ముఖం మాడ్చుకునేవాడు.

"పల్లం కదా, న్యూట్రల్ చెయ్యి బావా" అన్నానొకసారి, పెద్ద తెలిసినవాడిలా.

"గేరులో ఉంచి కాలు తీసేస్తే ఇది చుక్క కూడా తాగదురా. న్యూట్రల్లో పెడితేనే ఊరికే కూర్చుని తాగుతుంది, నీలాగ" అన్నాడు.

నాకసలే ఓపిక తక్కువ. ఆ బండెక్కితే ఒళ్ళు మండిపోయేది. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయేవి. ఒకసారి సైకిలు మీది పెద్దాయనొకరు వెనక్కి తిరిగి, "తొయ్యమంటారా బాబూ?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు, వెటకారం కూడా కాదు. బావ చెయ్యి ఊపి, "నిదానమే ప్రధానం" అన్నాడు. "ఆలస్యం అమృతం విషం" అని నేను వెనక నుంచి అందుకున్నాను. ఆ రెండు సామెతలతో మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి గడిచిపోయింది. ఆయన ఒకటి అనడం, నేను రెండోది అనడం, అక్క నవ్వడం.

తర్వాత అక్కకి గుండె జబ్బు వచ్చింది.

మంచం మీద పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. తలకింద ఎన్ని దిండ్లు పెట్టినా రాత్రంతా లేచి కూర్చునేది. కళ్ళ కింద నలుపు, చిన్న మాటకే విసుగు. ఒక మధ్యాహ్నం బావ, ఇంట్లో ఒక్కత్తినే వదలడం ఇష్టంలేక, రెండో విడత బ్రెడ్డు వేయడానికి తనతో తీసుకెళ్ళాడు. వెనక సీట్లో దిళ్ళకి ఆనుకుని కూర్చున్న మనిషి నాలుగో దుకాణం దాటకుండానే నిద్రపోయింది. ఇంటికొచ్చి ఇంజను ఆపేదాకా లేవలేదు. కుదుపు లేదు, బ్రేకు లేదు, నీళ్ళ మీద పడవలా వెళ్ళే బండి కదా. ఆ రోజు ఇంటికొచ్చాక ఆవిడ కడుపునిండా అన్నం తిన్నది.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం అక్క ఆ బండిలోనే నిద్రపోయేది. దుకాణాలవాళ్ళు కూడా ట్రేలు చప్పుడు చేయకుండా దించుకునేవారు. వెనక వచ్చే లారీ హారన్ కొడితే బావ కిటికీలోంచి చెయ్యి చాపి పోనిచ్చేవాడు. నేను తొందరపెడితే నోటిమీద వేలు పెట్టేవాడు. "మెల్లగారా. మీ అక్క నిద్రపోతోంది." డీజిలు కోసం మెల్లగా నడిపేవాడో, అక్క కోసం నడిపేవాడో, కొన్నాళ్ళకి ఆయనకే తెలియకుండా పోయింది. నాకు మాత్రం తెలుసు. దూరాన ఎర్రదీపం కనబడగానే ఆయన ముందు అద్దంలో అక్క ముఖం చూసి, తర్వాతే కాలు తీసేవాడు.

ఆ రోజుల్లోనే స్టీరింగు వెనక ఒక నారింజ రంగు దీపం వెలగడం మొదలుపెట్టింది. మా వీధి చివర మెకానిక్ చూసి తల పంకించాడు. "అన్నా, పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. నువ్వు మరీ మెల్లగా నడిపితే అది వేడెక్కదు, మసి కాలదు, అక్కడే పేరుకుంటుంది. వారానికోసారి దీన్ని బైపాస్ మీద గట్టిగా పరిగెత్తించు. లోపలిదంతా కాలి బయటికి పోవాలి."

"గట్టిగా పరిగెత్తిస్తే ఆవిడ లేస్తుందయ్యా."

"వదినగారిని ఇంట్లో వదిలి వెళ్ళు."

"ఊరికే, ఎక్కడికీ కాకుండా, డీజిలు తగలేస్తూ తిరగమంటావా?" అని బావ నవ్వాడు. ఆ దీపం గురించి నేనడిగితే, "మారాం చేసే పిల్లలాంటిది. పట్టించుకోకపోతే దానంతటదే ఊరుకుంటుంది" అన్నాడు.

పిల్లలు లేని మనిషి కదా, ఆ మాట అంత ధీమాగా అనగలిగాడు.

పెద్దాసుపత్రి కొండకి అవతలి పట్నంలో ఉంది. అక్కడి డాక్టరు ముందే చెప్పాడు, ఊపిరి బిగిసి చెమటలు పడితే ఇక ఏమీ ఆలోచించకుండా తీసుకొచ్చేయమని. ఒక ఆదివారం మధ్యాహ్నం, టీ పెడుతూ, అక్క పొయ్యి దగ్గరే కూలబడింది. బావ కేక విని పక్కింట్లోంచి నేను పరిగెత్తాను. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఇంకో కేసు మీద వెళ్ళిందన్నారు. బండి ఎప్పట్లాగే వీధి వైపు తిరిగి సిద్ధంగా ఉంది. వెనక సీట్లో అక్క తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు బావ యాక్సిలరేటరు గట్టిగా తొక్కడం మొదటిసారి చూశాను. ఊళ్ళో ఉన్నంతసేపు బండి బాగానే ఉరికింది. కొండ ఎక్కుడు మొదలవగానే నారింజ దీపం టపటపా కొట్టుకుంది. వెనక అద్దం నిండా నల్లటి పొగ. ఆ తర్వాత ఇంజను సత్తువంతా ఎవరో లాగేసినట్టు బండి చతికిలబడింది. ఆగలేదు, ఆగినా బాగుండేది, వెంటనే దిగిపోయేవాళ్ళం. పాకుతోంది. బావ కాలు నేలకి అంటుకుని ఉంది, బండి మాత్రం ఆయన రోజూ నడిపే వేగం కన్నా మెల్లగా పోతోంది. "లాగవే, లాగు తల్లీ" అని స్టీరింగుని రెండు చేతులతో ముందుకి తోస్తున్నాడు.

అక్క కళ్ళు తెరిచింది. బండి మెల్లగా పోతోందని ఆవిడకి తెలిసింది. ఎందుకో తెలియదు.

"ఏవండీ" అంది. "ఇలాగే పోనీండి. హాయిగా ఉంది. నిద్రొస్తోంది."

"వద్దు, నిద్రపోకే! ఇవాళొద్దు! ఒరేయ్, దాన్ని నిద్రపోనివ్వకు!"

నేను పిలుస్తూనే ఉన్నాను. చెంపలు తట్టాను. చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాను. కిటికీలోంచి చెయ్యి ఊపితే కూరగాయల వ్యానొకటి ఆగింది. అందులోకి మార్చుకుని ఆసుపత్రి చేరాం.

డాక్టరు మంచివాడే. బయటికొచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకాస్త ముందు తెచ్చుంటే?" అని బావ అడిగాడు. "చెప్పలేం" అన్నాడు డాక్టరు. దక్కేది అన్నా ఒక ఏడుపు ఏడ్చేవాడు, దక్కేది కాదు అన్నా ఎప్పటికో సర్దుకునేవాడు. ఆ చెప్పలేం అనే మాట మాత్రం మా బావని ఈనాటికీ తినేస్తోంది. మన పెద్దలు ఆ రెండు సామెతలూ చేసి మనకిచ్చారు గానీ, ఏది ఎప్పుడు పాటించాలో చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరం ఆ రెండింటినీ నోట రానివ్వలేదు.

కర్మలన్నీ అయ్యాక మెకానిక్ ఆ ఫిల్టరు విప్పి పాత గుడ్డ మీద దులిపాడు. మసి కుప్పగా పడింది. బావ గొంతుక్కూర్చుని దాన్ని పిడికిట్లోకి తీసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే చూస్తూ, "ఇన్నేళ్ళూ నేను మిగిల్చింది ఇదన్నమాట" అన్నాడు. మెకానిక్ పానాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు.

బండి అమ్మేస్తాడనుకున్నాను. అమ్మలేదు. బ్రెడ్డు ఇప్పటికీ వేస్తున్నాడు. టైర్లలో గాలి ఎవరైనా గుర్తుచేస్తే చూస్తాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఖాళీ బండి తీసుకుని బైపాస్ మీదికి వెళ్తాడు, ఎక్కడికీ కాకుండా, డీజిలు తగలేస్తూ. వీధివాళ్ళకి ఆయన్ని చుక్కలాయన అనడానికి ఇప్పుడు నోరు రావడం లేదు.

మొన్న ఆదివారం నేనూ ఎక్కాను. వెనక సీట్లో అక్క దిళ్ళు అలాగే ఉన్నాయి. బైపాస్ చేరగానే ఆయన యాక్సిలరేటరు నేలకంటా తొక్కాడు. బండి రంకె వేసింది. దిళ్ళు కిందికి దొర్లాయి. ఎప్పుడూ తొందరపెట్టే నాకే భయమేసి, "మెల్లగా బావా, మెల్లగా పోనీ" అన్నాను.

ఆయన ముందు అద్దంలోకి ఒకసారి చూశాడు.

"ఎందుకురా మెల్లగా? వెనకాల ఎవరు నిద్రపోతున్నారని?"