చిప్పులో మా అత్త ఏడుపు

ఫోనులో మెమరీ చిప్పు ఖరాబైన రోజు నేను కంపెనీ గేటు బయట ఆటో కోసం నిలబడి ఉన్నాను. పాశమైలారంలో మందుబిళ్లల కంపెనీలో ప్యాకింగు పని నాది. ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర డబ్బాలో పెట్టి పోవాలి. డ్యూటీ దిగాక దాన్ని తీసుకుని, చెవిలో వైరు పెట్టుకుని, ఇంటిదాకా వింటూ పోవడం నాకు అలవాటు. ఆ రోజు ఎంత నొక్కినా ఏమీ వినపడలేదు. తెర మీద ఇంగ్లీషులో ఏదో పడింది. నాకు అంకెలు తెలుసు, తెలుగు కూడబలుక్కుని చదువుతాను, అంతే. నాతో ప్యాకింగు చేసే ఆమెకు చూపించాను.

"చిప్పు పోయింది వదినా. గింత పరేషాన్ అయితవేంది? రోజూ గవే పాటలేనా, కొత్తయి ఎక్కించుకోరాదు!"

అవి పాటలని అందరూ అనుకునేవాళ్లు. నేనూ కాదనలేదు.

అందులో ఉన్నది మా అత్త శోకం. నా భర్త గుండెనొప్పితో పోయిన రోజు, ఆయన తలాపున కూర్చుని ఆమె రాగం తీసి ఏడ్చింది. మా ఆడబిడ్డ బొంబాయి దగ్గర భివండిలో ఉంటుంది, ఆ రోజుకు రాలేకపోయింది. అక్కకు వినిపిద్దామని మా మరిది అదంతా నా భర్త ఫోనులోనే రికార్డు చేశాడు. తరువాత ఆ ఫోను నాకు వచ్చింది.

శోకం పెట్టేటప్పుడు పోయిన మనిషి పుట్టిన కాడి నుంచి చెప్పుకుంటూ ఏడుస్తారు కదా. మంచె మీద నిలబడి జొన్నచేను కాసినవు కొడుకా, నువ్వు వడిసెల తిప్పితే పిట్ట వాలకపోయేది కొడుకా, అని. నా భర్త మాట తక్కువ మనిషి. డ్యూటీకి పోవడం, రావడం, తినడం, పడుకోవడం. చిన్ననాటి సంగతి ఒక్కటీ నాకు చెప్పి ఎరగడు. నేను రాకముందు ఆయన ఎట్లా ఉండేవాడో నాకు తెలిసింది ఆ ఏడుపులోనే. అది పోతే నాకు సగం మనిషే మిగులుతాడు.

ఇంట్లో వినడానికి వీల్లేదు. ఒకసారి పెడితే అత్త చీపురు పట్టుకునే లోపలికి వచ్చింది.

"బంద్ చెయ్యే! దీపం పెట్టే యాళ్లకు ఇంట్ల ఏడుపేంది? తీసెయ్యి అండ్లకెంచి."

తీసేస్తానన్నాను. తీసెయ్యలేదు.

పటాన్‌చెరులో మొబైల్ షాపుకు పోయాను. షాపతను చిప్పు తీసి, రబ్బరుతో రుద్ది, కంప్యూటరుకు పెట్టి చూశాడు.

"ఫార్మాట్ కొట్టమంటుంది అక్కా. కొడితే చిప్పు నడుస్తది, కానీ ఉన్నదంత పోతది. ఏమున్నయి అండ్ల? పాటలైతే నేను ఎక్కిస్తా. దేవునియా, జానపదాలా?"

"పాటలు కావు తమ్మీ. మా అత్త ఏడుపు ఉంది."

"ఏందీ?"

"మా అత్త ఏడుపు."

"అత్త ఏడుస్తుంటే రికార్డు చేసుకొని వింటున్నవా! గిసొంటి కోడలిని నేను సూడలే అక్కా!" అని పడిపడి నవ్వాడు. రీచార్జికి వచ్చిన వాళ్లూ నవ్వారు.

ఎవరి మీద ఏడ్చిన ఏడుపో చెప్పాను. అతను నవ్వు ఆపి, చిప్పు ఇంకో ఫోనులో పెట్టాడు, మరో ఫోనులో పెట్టాడు. చివరికి దాన్ని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "నాతోని కాదు అక్కా. ఫార్మాట్ మాత్రం ఎవలతోని కొట్టియ్యకు," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో చిక్కుడుకాయ నార తీస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. తీసెయ్యలేదని, రోజూ విన్నానని, ఇప్పుడు పోయిందని.

"ఒక్కసారి మళ్ల గట్ల చెప్పు అత్తమ్మా."

"మతి పోయిందానే? పీనుగ లేకుండ శోకం పెడ్తరా? ఎవల మీద ఏడువాలె, నీ మీదనా?"

"ఏడువకు. ఉత్తగ చెప్పు. మంచె మీద నిలబడి చేను కాసిండన్నవు గద, గది చెప్పు."

"ఎవడు, వాడు కాసిండా?" అత్త చేతిలో కాయ పక్కన పడేసింది. "మంచె ఎక్కి, నేను కట్టిచ్చిన సద్ది తిని, నోరు తెరుచుకొని పండుకున్నడు. సగం చేను పిట్టల పాలు. వీపు చిట్లగొట్టిన ఆ పొద్దు!"

"మరి వడిసెల?"

"గది పక్క చేనోల్ల మేకల మీద తిప్పిండు. కొట్లాటకొచ్చిండ్రు మన ఇంటి మీదికి."

"మరి గట్లెందుకు ఏడిస్తివి?"

"సచ్చినోని తలాపున కూసొని, వీడు మొద్దునిద్ర పోతడని ఏడువాల్నా? ఊరంత వినంగ?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. చిప్పులోని పిల్లవాడు మంచివాడే కానీ, ఎన్నిసార్లు విన్నా నాకు కొత్తమనిషిలాగే ఉండేవాడు. అట్లా నిలబడ్డవాణ్ని నేను ఎప్పుడు చూశాను గనక? నోరు తెరుచుకుని పడుకున్నవాణ్ని చూశాను. నైట్ డ్యూటీ దిగి వచ్చి, కంపెనీ చొక్కా కూడా విప్పకుండా గడప దగ్గరే చాప మీద ఒరిగిపోయేవాడు. ఈగలు ముసిరితే కొంగుతో తోలింది నేనే.

"ఇంకేం జేసేటోడు అత్తమ్మా?"

"ఏం జెయ్యలే అని అడుగు. గిట్ల కూసో," అని చిక్కుడుకాయల చేట మా ఇద్దరి మధ్యకు జరిపింది.