అవతల ఇంకా పట్టుకునే ఉన్నారు

నాకు శుభ్రం ఒక జబ్బు. సింగపూర్ టోవా పాయోలోని మా ఫ్లాట్‌లో సింకులో ఒక్క గిన్నె మిగిలినా ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వను. ఆఫీసులోనూ అంతే. తీసుకున్న మెమరీని తిరిగివ్వకుండా వదిలేసిన కోడ్ కనబడితే ఒళ్ళు మండిపోతుంది.

మేం రాసేది డ్రైవర్లు, అంటే కెమెరాల్లాంటి పరికరాలను కంప్యూటర్‌తో కలిపి పనిచేయించే ప్రోగ్రాంలు. అప్పుడు తువాస్‌లో ఒక షిప్‌యార్డు క్రేన్‌కి అమర్చే కెమెరాకు రాస్తున్నాం. కెమెరా చూసినదాన్ని మా డ్రైవర్ మెమరీలో ఒకచోట పెడుతుంది. క్రేన్ నడిపే మనిషి ముందుండే తెర ప్రోగ్రాం అక్కడినుంచే చదువుకుని, చదివినట్టు అక్కడే గుర్తు పెడుతుంది. రెండు ప్రోగ్రాంలదీ ఒకే చోటు. పనయ్యాక దాన్ని కెర్నెల్‌కి, అంటే మెషీన్ మొత్తాన్ని నడిపే ప్రోగ్రాంకి, అప్పజెప్పాలి.

ఆ భాగం రాసింది మా టీమ్‌లో కొత్తగా చేరిన వరంగల్ అమ్మాయి. క్లెమెంటిలో గది అద్దెకు తీసుకుని ఉండేది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఉద్యోగం ఖాయమో కాదో ఆ నెలలోనే తేలాలి. అది పోతే ఇక్కడ పనిచేసుకోనిచ్చే వర్క్ పాసూ పోతుంది, దేశం వదిలి వెళ్ళాల్సిందే.

సరిచూడమని నాకిచ్చిన ఆమె కోడ్‌లో ఒకచోట, తెర ప్రోగ్రాం ఇంకా వదలకపోతే ఆ మెమరీని విడుదల చెయ్యకుండా అలాగే ఉంచెయ్యమని ఉంది. మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో, తిన్నాక ఎవరి ట్రే వాళ్ళే తీసెయ్యాల్సిన ఆ తిండి దుకాణాల చోట, భోజనాల దగ్గర ఆమెను పట్టుకున్నాను.

"ఇదేం పద్ధతి? తిన్న ట్రే టేబుల్ మీదే వదిలేసి పోతావా? బద్ధకం కాకపోతే ఏమిటిది?"

"అట్ల కాదక్కా. అవతల ఇంకా పట్టుకునే ఉంటరు. మనం ఇచ్చేస్తే కెర్నెల్ దాన్ని ఇంకోళ్లకిస్తది, తెర ప్రోగ్రాం అక్కడే రాస్తే వాళ్లది పాడైతది. కొంచెం మెమరీ పోయినా పర్లేదని..."

"పర్లేదంటే నా దగ్గర కుదరదు."

సాయంత్రానికి ఆ మెమరీని ఎలాగైనా విడుదల చేసేలా ఆమె మార్చేసింది. మార్పు పక్కన ఆమె పేరే ఉంది. నేను చెప్పింది ఎక్కడా రాసి లేదు.

కొన్నాళ్ళకు, క్రేన్ ఇనుప పలకను ఎత్తి ఉండగా తెర నల్లబడి మెషీన్ ఆగిపోయింది. పలక గాల్లోనే ఉండిపోయింది. కింద ఉన్న పనివాళ్ళను పక్కకు పంపించారు. ఎవరికీ ఏమీ కాలేదు. తెర ప్రోగ్రాం ఇంకా వాడుతున్న చోటునే మా డ్రైవర్ ఇచ్చేసిందని ఆ రోజే తేలింది.

మీటింగ్‌లో మేనేజర్ ఆ లైన్ చూపించి ఎవరిదని అడిగాడు. "నాదే" అందామె. నేను నా నోట్‌బుక్ సర్దుకుంటూ కూర్చున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఉద్యోగం సంగతి రేపు మాట్లాడదామని ఆమెతో అని, ఆయన తన గదికి వెళ్ళిపోయాడు.

లిఫ్ట్ దగ్గర అడిగాను. "నేను మార్చమన్నానని ఎందుకు చెప్పలేదు?"

"మీరే చెప్తరనుకున్న, అక్కా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉండుంటే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకునేదాన్ని.

వెనక్కి తిరిగి మేనేజర్ గదికి వెళ్ళాను. ఆమె కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆ లైన్ మార్చమన్నది నేనేనని, హాకర్ సెంటర్‌లో తెలుగులో తిట్టినవన్నీ, ట్రే మాటతో సహా, ఆయనకు ఇంగ్లీషులో ఒక్కొక్కటే చెప్పాను. బద్ధకం అన్న మాటను చివరికి మిగుల్చుకున్నాను. అది కూడా చెప్పాను.